కరోనా ఆంక్షలు, సర్కారు కొలువులు: ఓరుగల్లు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, భూపాలపల్లి, నర్సంపేట, మానుకోట వైపు నుంచి ఇప్పటికీ ఈ ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. కొందరికి సర్వీసు లెక్క తేలక, కొందరికి వెయిటేజీ మార్కుల కోసం, ఇంకొందరికి ఊరికే కడుపుమంట. జీతాల బిల్లులు చేసే సీటులో చాన్నాళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి తెలిసినంత వరకు సూటిగా రాస్తున్నా.

కరోనా టైంలో ప్రభుత్వ ఉద్యోగాలు పోయాయా, పోలేదా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు. పర్మనెంటు వాళ్లకు ఉద్యోగం పోలేదు, జీతం వెనక్కి జరిగింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, గౌరవ వేతనం మీద పనిచేసే చాలామందికి మాత్రం ఉద్యోగమే పోయింది, కాకపోతే 'నిన్ను తీసేశాం' అని ఎవరూ చెప్పలేదు. రెన్యువల్ కాలేదు, అంతే. మార్చి దాకా చేశారు, జూన్‌లో పిలుస్తారనుకున్నారు, ఎవరూ పిలవలేదు. తీసేసినట్టు కాగితం లేదు కాబట్టి వాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. 'సర్కారు కొలువులకేం, కరోనాలో కూడా సేఫే కదా' అని మనవాళ్లు అనేది మొదటి రకం వాళ్లను చూసి. రెండో రకం వాళ్లు అదే ఆఫీసులో పక్క కుర్చీలో ఉండేవాళ్లు.

2020లో ఎవరి జీతం ఎంత ఆపారు?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా. నెలాఖరుకు, అంటే మార్చి 30న, ఆర్థిక శాఖ జీవో 27 ఇచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, స్థానిక సంస్థల ప్రజాప్రతినిధులకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ అధికారులకు 60 శాతం, మిగతా ఉద్యోగులందరికీ 50 శాతం ఆపాలని అందులో ఉంది. నాలుగో తరగతి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం. పెన్షనర్లకు కూడా సగం. ప్రభుత్వ రంగ సంస్థలు, గ్రాంటు తీసుకునే సంస్థల సిబ్బందికీ ఇదే లెక్క.

పెన్షనర్ల సంగతి మీద పెద్ద గోల అయింది. అవ్వాల్సిందే మరి. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు సగం వేసుకుంటారా? తర్వాతి నెల నుంచి వాళ్లకు ఆపేది 25 శాతానికి తగ్గించారు. వైద్య సిబ్బందికి, పోలీసులకు మాత్రం ఏప్రిల్ మొదట్లోనే పూర్తి జీతం, పైన ప్రోత్సాహకం అని ప్రకటించారు.

మా సీటు దగ్గర జరిగింది చెప్తా. నెల జీతం బిల్లులు 25లోపే ట్రెజరీకి పోతాయి. పూర్తి జీతానికి బిల్లు పెట్టి, టోకెన్ కూడా పడ్డాక ఈ జీవో వచ్చింది. ఇంటి అద్దె, చిట్టీ, సొసైటీ లోను అన్నీ పూర్తి జీతం లెక్కన కట్టుకునేవాళ్లు బ్యాంకు మెసేజ్ చూసి ఒకటే ఫోన్లు. 'సార్, నా బిల్లులో ఏదో తప్పు జరిగినట్టుంది' అని మొదలుపెట్టేవాళ్లు ప్రతి ఒక్కరూ.

అది కోతా, వాయిదానా? తిరిగి ఇచ్చారా?

జీవోలో ఉన్నది వాయిదా. జనం నోట్లో కోత అయింది, ఎందుకంటే ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేదు. మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు ఇలాగే నడిచింది. ఏ చట్టం కింద ఆపారని హైకోర్టు అడిగింది. ఆ తర్వాత జూన్ నడిమిట్ల ఒక ఆర్డినెన్సు వచ్చింది: విపత్తు, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితుల్లో జీతంలో సగం దాకా వాయిదా వేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని. సెప్టెంబర్ అసెంబ్లీ సమావేశాల్లో అది చట్టం అయింది. ముందు డబ్బు ఆపి, తర్వాత చట్టం తెచ్చారన్నమాట. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

జూన్ జీతం నుంచి పూర్తిగా ఇచ్చారు. ఆపిన మొత్తాన్ని పెన్షనర్లకు అక్టోబర్, నవంబర్ రెండు వాయిదాల్లో, ఉద్యోగులకు అక్టోబర్ నుంచి జనవరి దాకా నాలుగు వాయిదాల్లో ఇవ్వాలని నిర్ణయించారు. కాబట్టి పర్మనెంటు ఉద్యోగికి అసలు సొమ్ము చేరింది.

ఆంధ్రలో వడ్డీతో సహా ఇచ్చారట కదా, మనకెందుకు లేదు?

అది ఆంధ్రప్రదేశ్ కేసు. అక్కడా జీతాలు, పెన్షన్లు వాయిదా వేశారు. హైకోర్టు 12 శాతం వడ్డీ కట్టమంది, రాష్ట్రం సుప్రీంకోర్టుకు పోయింది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించి, కట్టాల్సిందే అన్నది. చేసిన పనికి జీతం దయాధర్మం కాదు, హక్కు అని ఆ తీర్పు సారం. కానీ అక్కడి తీర్పు ఇక్కడి జీతం బిల్లులోకి దానంతటది ఎక్కదు. ఇక్కడ చట్టం కూడా వేరుగా ఉంది. వాట్సాప్‌లో 'తెలంగాణ ఉద్యోగులకూ వడ్డీ' అని తిరిగే మెసేజ్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగకండి.

ఆపిన జీతానికి ఇన్‌కం టాక్స్ ఏ సంవత్సరంలో చూపించాలి?

దీనికి టెన్షన్ అక్కర్లేదు. మన దగ్గర మార్చి జీతం ఏప్రిల్ 1న చేతికి వస్తుంది, అందుకే అది తర్వాతి ఆర్థిక సంవత్సరం లెక్కలో పడుతుంది. ఆపిన మూడు నెలలూ, తిరిగి ఇచ్చిన వాయిదాలూ అన్నీ 2020-21లోనే పడ్డాయి.

సగం జీతంతో లోన్ కిస్తీలు ఎట్లా కట్టారు?

రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చింది, మొదట మార్చి 1 నుంచి మే 31 దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా. చాలామంది వాడుకున్నారు. కిస్తీ మాఫీ అనుకున్నవాళ్లూ ఉన్నారు, తర్వాత లోన్ గడువు పొడిగిందని తెలిసి లబోదిబోమన్నారు. రెండు కోట్ల లోపు లోన్లకు ఆ ఆరు నెలల వడ్డీ మీద వడ్డీని మాత్రం కేంద్రం భరించింది. అయితే చిట్టీలకు మారటోరియం ఉండదు కదా. మన వైపు ఉద్యోగుల ఇళ్లల్లో అసలు ఒత్తిడి అక్కడ వచ్చింది.

ఔట్‌సోర్సింగ్ వాళ్లకు పీఎఫ్ ఉంటే కోవిడ్ అడ్వాన్సు తీసుకునే వీలు కల్పించారు: మూడు నెలల బేసిక్, డీఏ (కరవు భత్యం) లేదా ఖాతాలో ఉన్నదానిలో 75 శాతం, ఏది తక్కువైతే అది. ఏజెన్సీ వాడు పీఎఫ్ అసలు కట్టనే లేదని కొందరికి తెలిసింది కూడా అప్పుడే.

డీఏ, పీఆర్సీ (వేతన సవరణ) మీద దెబ్బ పడిందా?

పడింది. కేంద్రం 2020 ఏప్రిల్‌లో తన ఉద్యోగుల మూడు డీఏలు ఆపేసింది, 2021 జూలై దాకా 17 శాతం దగ్గరే ఉంచింది, ఆ పద్దెనిమిది నెలల బకాయిలు ఇవ్వలేదు. కాజీపేట రైల్వే వాళ్లు, పోస్టాఫీసు వాళ్లు ఇప్పటికీ ఈ మాట ఎత్తితే ఊరుకోరు. రాష్ట్రంలో మూడు డీఏలు కలిపి 10.01 శాతంగా 2022 జనవరిలో మంజూరు చేశారు, 2021 జూలై నుంచి వర్తించేలా.

పీఆర్సీ సంగతి ఇంకోరకం. 2021 మార్చి 22న అసెంబ్లీలో 30 శాతం ఫిట్‌మెంట్ (జీతం పెంపు) ప్రకటించారు. బిస్వాల్ కమిటీ సిఫారసు 7.5 శాతమే కాబట్టి అందరూ సంబరపడ్డారు, పాలాభిషేకాలు కూడా అయినయి. అయితే 2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి దాకా ఏడాది బకాయి రిటైర్ అయ్యేటప్పుడు ఇస్తామన్నారు. చేతికి పెరిగిన జీతం వచ్చింది 2021 జూన్ నుంచి. ఈ 30 శాతం ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు, అంగన్‌వాడీ, ఆశా వాళ్లకూ వర్తించింది, అది ఒప్పుకోవాలి: ఔట్‌సోర్సింగ్‌లో 12 వేలు ఉన్నది 15,600 అయింది, అంగన్‌వాడీ టీచర్‌కు 10,500 ఉన్నది 13,650 అయింది. అప్పటికి పనిలో మిగిలి ఉన్నవాళ్లకు.

మా చెల్లె విద్యావాలంటీర్. 2020 మార్చి దాకా చెప్పింది, మళ్లీ తీసుకోలేదు. తీసేసినట్టు ఆర్డర్ కూడా లేదు. ఇదెట్లా?

ఈ ప్రశ్నే అన్నింటికన్నా ఎక్కువ వస్తుంది. విద్యావాలంటీర్లను ఏ ఏడాదికి ఆ ఏడాది పెట్టుకునేవాళ్లు, గౌరవ వేతనం 12 వేలు. బడి ఉన్న నెలలకే. 2020 మార్చి 16 నుంచి బడులు మూతపడ్డాయి, ఆ వేసవి సెలవుల తర్వాత 2020-21కి వాళ్లను కొనసాగించలేదు. పిల్లలు బడికి రావట్లేదు కదా, వాలంటీరు ఎందుకు అనేది వాదన. కానీ పోస్టు ఖాళీగానే ఉంది, పిల్లలూ ఊళ్లోనే ఉన్నారు. ఆన్‌లైన్ పాఠాలు 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ చదువుల చానల్ టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో మొదలయ్యాయి, ఇంట్లో టీవీ, ఫోను లేని పిల్లల దగ్గరికి మనిషి పోవాల్సిన అవసరం అప్పుడే ఎక్కువ. ఊరి వాలంటీరు కన్నా ఆ పనికి ఎవరు పనికొస్తారు? నా అభిప్రాయం ఇది, ఎవరికి నచ్చకపోయినా.

తర్వాత 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నది. మంచిదే. విద్యావాలంటీర్లు ఆ జాబితాలో లేరు, ఎందుకంటే వాళ్లు సర్కారు బడిలో పనిచేసినవాళ్లు. అంటే ప్రైవేటు కాదు కాబట్టి సాయం లేదు, పర్మనెంటు కాదు కాబట్టి జీతం లేదు. డిగ్రీలు, బీఈడీలు చదివిన పిల్లలు ఉపాధి హామీ పనికి పోయారు. ఆ ఏడు ఉపాధి కూలీ రోజుకు 237 రూపాయలు.

చెల్లెకు చెప్పండి: ఆర్డర్ లేకపోవడం వల్ల తప్పు ఆమెది అయిపోదు, కానీ కోర్టుకు పోతే మొదట అడిగేది ఆ ఆర్డరే. కాగితాల గురించి చివర్లో రాశాను.

బడిలో స్కావెంజర్‌గా చేసిన మా అమ్మ సంగతి?

ఆమెదీ అదే దారి. నెలకు రెండున్నర వేల చిల్లర ఉద్యోగం, అదీ స్కూలు గ్రాంటులోంచి. బడులు మూశాక పోయింది. తిరిగి తెరిచినప్పుడు ఊడ్చే పని గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ కార్మికులు చూసుకోవాలన్నారు. ఆ కార్మికులకు ఊరి పనే తెమలదు.

2020 ఆగస్టు చివర్లో టీచర్లను బడికి రమ్మన్నారు కదా, అప్పుడు నర్సంపేట వైపు ఒక బడిలో చూసింది చెప్తా. తాళం చెవి అక్కడి స్కావెంజరమ్మ దగ్గరే ఉంది, ఐదు నెలలుగా. వచ్చి తలుపు తీసింది. గదుల్లో గబ్బిలాల కంపు, వాకిట్లో నడుమెత్తు గడ్డి, నల్లా దగ్గర పాచి. ఎవరూ చెప్పకముందే చీపురు పట్టింది. హెడ్మాస్టరు 'అమ్మా, నీ పేరు మీద పైసలు వస్తయో రావో నాకు తెల్వదు' అని ముందే చెప్పాడు. 'రాకుంటే రానియ్యి సారూ, నా బడి గిట్ల పెట్టి ఎట్ల చూస్త' అని ఆ వాకిలంతా ఊడ్చింది. టీచర్లు తలా కొంత వేసి ఇచ్చారు. ప్రభుత్వం లెక్కలో ఆ బడికి అప్పుడు స్వీపర్ లేదు.

ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేసింది కరోనా వల్లేనా? వీఆర్వోలను?

కాదు, కలపకండి. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు తమ సర్వీసు షరతులు మార్చిన 4779 సర్క్యులర్‌కు వ్యతిరేకంగా 2020 మార్చి 12 నుంచి సమ్మెకు దిగారు. పదిరోజుల్లో లాక్‌డౌన్ పడింది. సమ్మె చేసినందుకు ఏడున్నర వేల మందికి పైగా విధుల్లోంచి పోయారు, ఆ పని పంచాయతీ కార్యదర్శుల నెత్తిన పడింది. తిరిగి తీసుకుంటామని 2022 మార్చిలో అసెంబ్లీలో చెప్పారు, ఆ ఆగస్టులో చేర్చుకున్నారు. కరోనా కారణం కాదు. కానీ ధర్నా చేయడానికి, కలెక్టరేట్ ముందు కూర్చోవడానికి, నలుగురు కలవడానికి కూడా వీల్లేని ఆంక్షలు ఉన్నప్పుడు పోయిన ఉద్యోగం అది. ఆ తేడా పెద్దదే.

వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ 2020 సెప్టెంబర్‌లో రద్దయింది రెవెన్యూ సంస్కరణల పేరిట. వాళ్ల జీతం ఆగలేదు, పని లేదు. రెండేళ్లకు వేరే శాఖల్లో సర్దారు.

ఆర్టీసీలో ఏమైంది?

2020 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వరంగల్ రీజియన్ బస్సులు రాత్రింబవళ్లు తిరిగాయి. నెలన్నర తిరిగేసరికి మార్చి 22న అన్నీ డిపోల్లో ఆగిపోయాయి. అంతకు ముందు 2019 చివర్లో నెలన్నర పైగా సాగిన సమ్మె. అంటే ఆర్టీసీ కుటుంబం ఆరు నెలల్లో రెండుసార్లు బస్సు ఆగడం చూసింది. జిల్లాల్లో మే 19న బస్సులు కదిలాయి, హైదరాబాద్ సిటీ బస్సులు మాత్రం సెప్టెంబర్ చివరి దాకా కదల్లేదు.

పర్మనెంటు డ్రైవర్, కండక్టర్‌కు సగం జీతం వాయిదా, ఉద్యోగం ఉంది. జూన్‌లో కార్గో, పార్సిల్ సర్వీసు మొదలైతే కొందరికి అక్కడ డ్యూటీ పడింది. టికెట్ కొట్టిన చేత్తో మూటలకు రసీదు రాయడం చాలామందికి నామోషీ అనిపించింది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు అదే మంచి ఆదాయం.

అద్దె బస్సు డ్రైవర్ సంగతి ఎవరూ అడగరు. బస్సు మీద ఆర్టీసీ బొమ్మే ఉంటుంది, జీతం మాత్రం ఓనరు ఇవ్వాలి. బస్సు తిరిగితేనే ఓనరుకు కిలోమీటర్ల లెక్కన డబ్బు. బస్సు ఆగింది, ఓనరు చేతులెత్తేశాడు, డ్రైవర్ ఇంటికి పోయాడు. అతన్ని ఏ జీవోలో వెతికినా దొరకడు.

సింగరేణిలో లే ఆఫ్ అన్నారు, అంటే ఉద్యోగం తీసేయడమా?

తీసేయడం కాదు. పని చూపించలేకపోతే ఉద్యోగం అట్లాగే ఉంచి, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం బేసిక్, డీఏలో సగం పరిహారంగా ఇచ్చేవాళ్లు, అది లే ఆఫ్. 2020 ఏప్రిల్ మొదట్లో భూగర్భ గనులకు ఇది ప్రకటించారు. ఓపెన్‌కాస్టులు నడిచాయి, కరెంటు కావాలి కాబట్టి. భూగర్భ గనిలో దూరం పాటించడం మాటల్లో తేలికే. మస్టర్ దగ్గర, ల్యాంప్ రూములో, దిగేటప్పుడు, పని స్థలంలో గాలి ఆడనిచోట ఎక్కడ దూరం పాటిస్తారు?

భూపాలపల్లి కేటీకే గనుల్లో, శ్రీరాంపూర్, మందమర్రి వైపు సీనియర్ కార్మికుడికి దెబ్బ డబ్బు రూపంలోనే తగిలింది. బదిలీ వర్కర్లకు, అంటే ఇంకా జనరల్ మజ్దూర్ కాని కొత్త కార్మికులకు, వేరే భయం. భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు (హాజరు రోజులు) నిండితేనే జనరల్ మజ్దూర్ అయ్యేది. గని ఆగితే మస్టర్ ఎక్కడిది? నాన్న ఉద్యోగం కొడుకుకు వచ్చిందని సంబరపడ్డ ఇళ్లల్లో ఆ ఏడు మస్టర్ల లెక్క తప్ప వేరే మాట లేదు.

కాజీపేట రైల్వే వాళ్లకు?

పర్మనెంటు వాళ్లకు జీతం వచ్చింది. ప్యాసింజర్ రైళ్లు ఆగినా గూడ్సు ఆగలేదు. రన్నింగ్ స్టాఫ్‌కు మాత్రం రాబడిలో పెద్ద ముక్క తిరిగిన కిలోమీటర్ల మీద వచ్చే అలవెన్సు, బండి తగ్గితే అదీ తగ్గుతుంది. ఇక స్టేషన్‌లో కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లు, బోగీల్లో చాయ్, టిఫిన్ అమ్మేవాళ్లు, పార్కింగ్ పిల్లలు, ఆటో స్టాండు, వీళ్లంతా ఒక్కరోజులో రోడ్డున పడ్డారు.

వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రిలో కోవిడ్ కోసం తీసుకున్న నర్సులను ఎందుకు తీసేశారు?

తాత్కాలికం అని ముందే రాసి ఉంది కాబట్టి. చట్టం ప్రకారం జవాబు అదే. ఇప్పుడు జరిగింది వినండి. 2021 మేలో సెకండ్ వేవ్ ముంచుకొచ్చినప్పుడు డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లను రెండు మూడు నెలలకు తీసుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఉత్తర తెలంగాణ మొత్తానికి ఎంజీఎమే దిక్కు, ఆదిలాబాద్ వైపు నుంచీ ములుగు అడవుల నుంచీ అక్కడికే. ముఖ్యమంత్రి మే 21న స్వయంగా వచ్చి వార్డులు తిరిగారు. రాష్ట్రంలో ఔట్‌సోర్సింగ్ నర్సుల్లో చాలామందిని జూలైలో, వేవ్ తగ్గగానే, ఆపేశారు. పీపీఈ కిట్టులో చెమటకు తడిసి, ఇంటికి పోతే పిల్లలను దగ్గరికి తీయక పనిచేసినవాళ్లు ధర్నాకు కూర్చున్నారు.

తర్వాత 2023 ఆగస్టులో స్టాఫ్ నర్సు పరీక్ష పెట్టినప్పుడు 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు వెయిటేజీ పెట్టారు. సర్టిఫికెట్ జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్లకు అది కలిసొచ్చింది.

సఫాయి కార్మికులకు డబుల్ జీతం ఇచ్చారని విన్నా.

డబుల్ కాదు. 2020 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి ప్రోత్సాహకం ప్రకటించారు: హైదరాబాద్ కార్పొరేషన్, జలమండలి కార్మికులకు 7,500, మిగతా మున్సిపాలిటీలు, పంచాయతీల వాళ్లకు 5,000. వైద్య సిబ్బందికి మొత్తం జీతంలో 10 శాతం. పంచాయతీలో మల్టీపర్పస్ వర్కర్ జీతమే అప్పుడు 8,500, కాబట్టి 5,000 తక్కువేం కాదు. ఏ ఊళ్లో ఎంత ఆలస్యంగా చేరిందనేది వేరే కథ.

జూనియర్ పంచాయతీ కార్యదర్శులను కూడా ఇక్కడే చెప్పాలి. 2019లో 15 వేలకు చేరిన పిల్లలు. భివండి, సూరత్, ముంబై నుంచి ఊళ్లకు తిరిగొచ్చినవాళ్ల చేతి మీద ముద్ర వేయడం, ఇంటి ముందు స్టిక్కర్, బ్లీచింగ్, ఉపాధి మస్టర్లు, వడ్ల కల్లాల దగ్గర జనం గుమిగూడకుండా చూడటం, అన్నీ వాళ్లే. ఊరివాళ్లతో తిట్లు పడ్డది వాళ్లే. మూడేళ్ల ప్రొబేషన్‌ను నాలుగేళ్లు చేశారు, జీతం 2021 జూలై నుంచి 28,719కి పెంచారు. రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు పాపం.

టీచర్లు రెండేళ్లు ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నారు కదా?

ఈ మాట పెళ్లిళ్లలో, చావుల్లో, బస్సులో ఎక్కడైనా వినబడుతుంది. సగం నిజం. తరగతి గది పని లేదు, అది నిజం. 2020 ఆగస్టు 27 నుంచి బడికి రమ్మన్నారు, సెప్టెంబర్ 21 నుంచి రోజుకు సగం మంది చొప్పున. 9, 10 తరగతులు 2021 ఫిబ్రవరి 1న మొదలై మార్చి 24న మళ్లీ ఆగాయి. మొత్తం బడి తెరిచింది 2021 సెప్టెంబర్ 1న.

రెండో సగం కూడా చూడండి. 2021 ఏప్రిల్ 30న, సెకండ్ వేవ్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికలు జరిపారు. పోలింగ్ డ్యూటీ ఎవరిది? ముందురోజు సామగ్రి ఇచ్చే చోట తోపులాట, ఎవరి సంచి వాళ్లు వెతుక్కోవడం, దూరం గీతలు నేల మీదే ఉన్నాయి, మనుషులు గీతల మీద లేరు. ఆ డ్యూటీ ఆర్డర్ చేతిలో పట్టుకుని, 'మా ఇంట్లో అత్తమ్మకు ఆక్సిజన్ పెట్టారు సార్, పేరు తీసేయండి' అని బతిమాలిన మేడంను నేను చూశాను. పేరు తీయలేదు. తీస్తే అందరివీ తీయాల్సి వస్తుందన్నారు. ఆమె వెళ్లి డ్యూటీ చేసొచ్చింది. ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నారనే ముందు ఆ ఒక్కరోజు సంగతి అడగండి.

ఆఫీసుల్లో కూడా 2021 మే 12 నుంచి పెట్టిన లాక్‌డౌన్‌లో 33 శాతం సిబ్బందితో నడపాలన్నారు. వంతులు వేసుకున్నారు. అటెండర్‌కు మాత్రం వంతు రాలేదు, తాళం తీసేది అతనే కాబట్టి రోజూ వచ్చాడు.

డ్యూటీలో కరోనా వచ్చి చనిపోతే కుటుంబానికి ఏముంది?

కేంద్రం అప్పట్లో పెట్టిన 50 లక్షల బీమా వైద్య సిబ్బందికి మాత్రమే ఉండేది, అందులో ఆశాలు, ఆసుపత్రి ఔట్‌సోర్సింగ్ వాళ్లు కూడా ఉండేవాళ్లు. టీచర్లు, కార్యదర్శులు, రెవెన్యూ వాళ్లు లేరు. పర్మనెంటు ఉద్యోగి సర్వీసులో ఏ కారణంతో పోయినా కారుణ్య నియామకానికి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. సీపీఎస్ (కొత్త పెన్షన్ పథకం) వాళ్ల కుటుంబానికి కూడా ఫ్యామిలీ పెన్షన్ 2021 పీఆర్సీ ప్రకటనతో వచ్చింది. ఇది చాలా పెద్ద విషయం, అంతకు ముందు లేదు. ఇక ఎవరు చనిపోయినా, ఉద్యోగి అయినా కాకపోయినా, 50 వేల సాయం సుప్రీంకోర్టు కేసు తర్వాత వచ్చింది, అప్పుడు మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఔట్‌సోర్సింగ్ మనిషి కుటుంబానికి పీఎఫ్ ఖాతాతో ముడిపడ్డ బీమా ఉంటుంది, ఏజెన్సీ చెప్పదు, మీరే అడగాలి.

కరోనా వల్ల కొత్త నోటిఫికేషన్లు ఆగాయా? వయసు దాటిన మా పరిస్థితి?

ఆగాయి, కానీ నింద అంతా కరోనా మీద వేయొద్దు. అంతకు ముందూ ఉరుకులేం లేవు. 2021 మార్చి 30 నుంచి రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61 చేశారు. ఫిబ్రవరి నెలాఖరున రిటైర్ అయినవాళ్లు నెలరోజుల తేడాతో మూడేళ్లు పోగొట్టుకున్నారు, మార్చి 31న పోవాల్సినవాళ్లు ఉండిపోయారు. అంటే మూడేళ్లు మామూలు రిటైర్మెంట్లు దాదాపు లేవు, ఆ ఖాళీలూ లేవు. హన్మకొండ, సుబేదారి రూముల్లో ఉండి చదివే పిల్లలు రెండేళ్లు ఊళ్లకు పోయి, కోచింగ్ సెంటర్లు మూసి, లైబ్రరీ లేక అట్లాగే కాలం గడిపారు. 2022 మార్చి 9న 80,039 పోస్టుల ప్రకటన, యూనిఫాం పోస్టులు తప్ప మిగతావాటికి పదేళ్ల వయసు సడలింపు వచ్చాయి. మీ వయసు ఇప్పుడు ఏ నోటిఫికేషన్‌కు ఎంతో అందులోనే చూసుకోండి, పాత సడలింపు ప్రతిసారీ ఉంటుందనుకోవద్దు.

2020-21లో నేను పనిచేసినట్టు నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఇప్పుడేం చేయాలి?

మొదట బ్యాంకు పాస్‌బుక్ ప్రింటు తీయించండి, గౌరవ వేతనం పడ్డ నెలలు అందులో ఉంటాయి. పీఎఫ్ ఉంటే దాని పాస్‌బుక్. తర్వాత పనిచేసిన చోటికి పోయి హాజరు రిజిస్టర్ చూపించి సర్వీసు సర్టిఫికెట్ రాయమని అడగండి. హెడ్మాస్టర్లు, ఆఫీసర్లు మారి ఉంటారు, 'నా టైంలో కాదు' అంటారు. గట్టిగా మాట్లాడకుండా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసు అయితే 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, పంచాయతీకి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'నన్ను ఎందుకు తీసేశారు' అని రాయకండి, దానికి 'తీసేసినట్టు ఉత్తర్వులు లేవు' అని ఒక్క లైను వస్తుంది. 2019-20 హాజరు రిజిస్టర్ నకలు, నాకు చెల్లించిన బిల్లుల నకలు, 2020-21లో ఆ పోస్టు కొనసాగింపుపై వచ్చిన ఉత్తర్వుల నకలు, ఇట్లా విడివిడిగా అడగండి. అక్నాలెడ్జ్‌మెంట్ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి.